నాగక్క దాటని రోడ్డు

ఇన్సూరెన్సు సారు కాఫీ వద్దన్నాడు. కడుపులో మంట, మజ్జిగ ఉంటే చాలన్నాడు.

హైమ వంటింట్లోకి వెళ్ళి మజ్జిగ ఇంకోసారి చిలికి, ఉప్పూ అల్లం ముక్కా వేసి కొత్త స్టీలు గ్లాసులో పోసింది. గ్లాసు మీద చుక్కలతో చెక్కిన తన పేరు బయటికి కనిపించేలా తిప్పి పట్టుకుంది. పెళ్ళయి పదహారు రోజులైనా, ఈ ఇంట్లో ఓ వస్తువు మీద తన పేరుందని తలుచుకుంటే ఆమెకింకా నవ్వొస్తూనే ఉంది. ఇవాళ మాత్రం ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

వసారాలో ఇన్సూరెన్సు సారు వెంకటరామారావు కాగితాల మధ్య కార్బన్లు సర్దుకుంటున్నాడు. ఖమ్మం నుంచి వచ్చాడు. పక్కన గొడుగు, కొలతల టేపు. ఎదురుగా పడక్కుర్చీలో మామగారు వెంకటప్పయ్య. స్తంభానికి ఆనుకుని భర్త నారాయణ. వాకిట్లో అంబాసిడర్ కారు, ఎడమవైపు హెడ్‌లైటు పగిలి, ఒక కన్ను పోయిన మనిషిలా ఉంది. దాని పక్కనే డ్రైవర్ రాంసింగ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పోలీసోళ్ళు రాసింది చదువుతున్నా, వినండి" అన్నాడు వెంకటరామారావు. "పదకొండో తారీఖు ఉదయం ఏడు గంటలకు, ములకలపల్లి దాటినాక గుండ్లవాగు ఊరికాడ, నాగక్క అనే ఆమె రోడ్డుకు ఎడమ పక్క నుంచి కుడి పక్క ఉన్న ఇప్పచెట్టు కింది పూల కోసం ఒక్కసారిగా ఉరికొచ్చి కారుకు తగిలింది. కారు తారు రోడ్డు దిగలేదు. ఇంతేనా రాంసింగ్?"

"అంతే సార్."

"బ్రేకు కొట్టే టైము లేదు?"

"లేదు సార్."

హైమ గ్లాసు బల్ల మీద పెట్టింది. మజ్జిగ తొణికి చుక్క ఒకటి కాగితం అంచున పడింది. వెంకటరామారావు దాన్ని వేలితో తుడిచేశాడు.

"మీరిద్దరూ కార్లోనే ఉన్నారుగా అమ్మా. మీరేం చూశారు?"

ఆమె నారాయణ వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు. ఇద్దరూ చూసింది ఒకరినొకరే. పెళ్ళయ్యాక మొదటి ప్రయాణం, భద్రాచలం దర్శనానికి. చెట్ల కింద తెల్లగా ఏవో రాలి కనిపిస్తే హైమ అడిగింది, అవేంటని. ఎవరో పేలాలు ఆరబోశారని నారాయణ ముఖంలో నవ్వు కనబడనీయకుండా చెప్పాడు. ఆమె పగలబడి నవ్వింది. రాంసింగ్ కూడా నవ్వుతూ వెనక్కి తిరిగి, "పేలాలు కాదు చిన్నమ్మగారూ, ఇప్పపూలు" అన్నాడు. ఆ వెంటనే చప్పుడు. ఆ దారి పొడవునా కారు ఎగిరిపడుతూనే ఉంది. ఏ కుదుపు గుంటదో, ఏది మనిషిదో ఆమెకు తెలియలేదు.

"నేను..." అంది హైమ.

లోపలి నుంచి అత్తగారు పద్మావతమ్మ పిలిచింది. "హైమా, పాలు పొంగుతున్నాయి, ఇటు రామ్మా."

పొయ్యి మీద పాలే లేవు. పద్మావతమ్మ కోడల్ని పీట మీద కూర్చోబెట్టి, జడలో మల్లెలు తురుముతూ మెల్లగా చెప్పింది.

"నువ్వేం మాట్లాడకు తల్లీ. రాంసింగ్ నీతో మాట్లాడుతూ తల తిప్పాడని బయటికొస్తే ఏమవుతుందో తెలుసా? కొత్త కోడలు కారెక్కింది, మనిషి కాలు విరిగింది అంటారు. ఆ మాట నీ పిల్లలకి పిల్లలు పుట్టేదాకా పోదు. ఆ మనిషే ఉరికొచ్చిందని రాశారు. అలాగే ఉండనీ."

"ఆవిడ నిజంగా ఉరికొచ్చిందా అత్తయ్యా?"

"నాకేం తెలుసు? నేనున్నానా అక్కడ?" పద్మావతమ్మ పూలదండ చివర ముడేసింది. "నీకూ తెలీదు. తెలీనిదాన్ని తెలీనట్టే ఉంచు."

వేళ్ళు జడలో అంత మెత్తగా కదులుతుంటే ఎదురు చెప్పడానికి నోరు రాలేదు హైమకు. తనమీద ఇష్టంతోనే ఈ పని చేస్తున్నారు. అదే ఆమెకు ఇబ్బందిగా ఉంది.

వసారాలో వెంకటరామారావు మజ్జిగ తాగి మూతి తుడుచుకున్నాడు. "ఎల్లుండి పొద్దున స్పాటు చూసి రిపోర్టు రాస్తా. కారు అక్కడికి తీసుకురండి. ఆమెదే తప్పని తేలితే కంపెనీ ఆమెకు ఒక్క పైసా ఇవ్వదు. ఇప్పటికైతే కాగితాలన్నీ అట్లనే ఉన్నయి."

మర్నాడు ఆగిపోయిన దర్శనం పూర్తి చేసుకొస్తామని చెప్పి ఇద్దరూ బస్సెక్కారు. అది అబద్ధం కాదు, దర్శనం చేసుకున్నారు కూడా. బస్సులో నారాయణ ఆమెకు కిటికీ పక్క సీటిచ్చాడు. పాల్వంచలో గోలీసోడా కొంటే గోలీ లోపలికి దిగలేదు. అతను బొటనవేలితో, తర్వాత మోచేతితో, చివరికి కోపంతో నొక్కాడు. సగం సోడా చొక్కా మీద పడింది. ముందు సీటు ముసలాయన వెనక్కి తిరిగి, "కొత్త పెళ్ళికొడుకా? కొన్నాళ్ళకు అలవాటైతది" అన్నాడు. హైమకు కళ్ళల్లో నీళ్ళొచ్చేంత నవ్వు. గోదావరి వంతెన మీదికి బస్సు రాగానే చల్లగాలి తగిలింది. ఆ గాలి ఇద్దరికీ సమానంగా తగలాలని ఆమె కాస్త వెనక్కి జరిగి కూర్చుంది.

దర్శనమయ్యాక వెళ్ళిన భద్రాచలం దవాఖానలో నాగక్క మంచం కిటికీ పక్కన ఉంది. కాలికి కట్టు, కట్టుకు తాడు, తాడు చివర రెండు ఇటుకలు వేలాడుతున్నాయి. నేల మీద ఆమె మొగుడు దూలయ్య గొంతుక్కూర్చున్నాడు. హైమ బత్తాయిల సంచీ ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుంది.

"నువ్వు కారుల పిల్లవే కదా?" అంది నాగక్క. నలభై దాటిన మనిషి, గొంతు మాత్రం గట్టిగా ఉంది. "నీ నవ్వు ఇనబడ్డది. ముందు నీ నవ్వొచ్చింది, ఎన్క కారొచ్చింది."

హైమ ముఖం చిన్నబోయింది. "నన్ను క్షమించు నాగక్కా."

"నవ్వితే తప్పేంది? కొత్తగ లగ్గమైంది, నవ్వవా ఏంది?" నాగక్క తల తిప్పి మొగుడితో కోయమాటలో ఏదో అంది. దూలయ్య లేచి బత్తాయిల సంచీ అందుకున్నాడు. "కాలుదేముంది బిడ్డా, ఆర్నెల్లకు అతుకుతది. కాగితంల రాసిన మాట అతుకుతదా? జంపయ్య చెట్టుకాడికి ఉరికిన్నని రాసిండ్రు. నేను దొంగనా?"

నారాయణ అర్థంకానట్టు చూశాడు. "పూలు ఏరుకోవడానికి వెళ్ళావన్నారు. దొంగవని ఎవరన్నారు?"

దూలయ్య మొదటిసారి నోరు విప్పాడు. "సారూ, రోడ్డుకు ఎడమ పక్క చెట్టు మాది. మా తాతది. కుడి పక్కది జంపయ్యోళ్ళది. పూలు రాలకముందే ఎవరి చెట్టు కింద ఆళ్ళు ఆకులు కాలబెట్టి ఊడ్చుకుంటరు. ఎవరి పువ్వు ఆళ్ళే ఏరాలె. పక్కచెట్టు పువ్వు మా మీద పడ్డా తీయం."

"తీస్తే?"

"ఎట్ల తీస్తరు?" అన్నాడు దూలయ్య. ఆ ప్రశ్నే అతనికి అర్థమైనట్టు లేదు.

"ఊరంతా వచ్చి సూసిపోయిండ్రు" అంది నాగక్క. "జంపయ్య రాలే. నేనాయన పువ్వుకాడికి ఉరికిన్నని పోలీసోళ్ళు ఊర్ల చదివి ఇనిపిచ్చిండ్రు. చిన్నప్పటి సంది ఒక వాగుల నీళ్ళు ముంచుకున్నం. రాలేదు సూడు." ఆమె కళ్ళు తుడుచుకోలేదు, కళ్ళల్లో నీళ్ళూ లేవు. కింది పెదవి ఒక్కటే బిగుసుకుంది. "నేను నిలబడ్డది మా చెట్టు కింద. కారే నా మీదికొచ్చింది. అడగాల్సినోళ్ళు ఎవ్వరూ అడగలే."

హైమ మంచం పట్టీ మీద చెయ్యి వేసింది. గాజులు ఇనుముకు తగిలి గలగలమన్నాయి. "మరిప్పుడు మీ చెట్టు కింద పూలు ఎవరేరుతున్నారు?"

"ఎవరేరుతరు? ఈయన ఇక్కడుండె. పడ్డయి పడ్డట్టే కుళ్ళుతున్నయి." నాగక్క కాసేపు హైమనే చూసింది. జడలో మల్లెల నుంచి కాలి పారాణి దాకా చూసింది. "నువ్వు ఏరతవా?"

"నేనా?"

"నేను చెప్పిన్నంటే ఏరొచ్చు. ఎర్రమ్మకాడ గంప తీసుకో. ఎవరన్నడిగితే నాగక్క ఏరుమన్నదను."

తిరుగు బస్సులో నారాయణ టిక్కెట్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అమ్మకేం చెప్తావు?" అన్నాడు.

"పూలేరడానికి వెళ్తున్నానని చెప్తాను. అబద్ధమా?"

అతను నవ్వి, ఎవరూ చూడకుండా ఆమె చిటికెన వేలు పట్టుకున్నాడు. సత్తుపల్లి వచ్చేదాకా వదల్లేదు.

ఆ మర్నాడు తెలతెలవారుతుండగా కారు గుండ్లవాగు చేరింది. ముందు సీట్లో వెంకటప్పయ్య, వెనక వీళ్ళిద్దరూ. దారంతా రాంసింగ్ ఒక్కసారి కూడా తల వెనక్కి తిప్పలేదు. ఇన్సూరెన్సు సారు మొదటి బస్సుకు వస్తాడు, ఇంకా గంట టైముంది.

హైమ చెప్పులు కార్లోనే విడిచి దిగింది. రోడ్డుకు ఎడమ పక్క చెట్టు కిందికి రెండడుగులు వేసిందో లేదో, వెనక నుంచి అరుపు వినిపించింది.

"ఏయ్ పిల్లా! ఎవరి చెట్టనుకున్నవ్?"

గంప నెత్తిన పెట్టుకుని ఒక ముసలామె పరుగులాంటి నడకతో వస్తోంది.

"నాగక్క చెట్టు. నాగక్కే ఏరమంది. ఎర్రమ్మ దగ్గర గంప తీసుకోమంది."

ముసలామె ఆగి ఆమెను ఎగాదిగా చూసింది. "నేనే ఎర్రమ్మను" అని నెత్తిన ఉన్న గంప దించి చేతికిచ్చింది. "ఒంగి ఏరకు, నడుము పోతది. కూసోని ఏరు. కుళ్ళినయి పక్కకెయ్యి."

హైమ చీర కుచ్చెళ్ళు ఎగదోపి గొంతుక్కూర్చుంది. పైన ఈ పొద్దున రాలినవి మీగడ రంగులో, గుండ్రంగా, లోపల గుజ్జుతో బరువుగా ఉన్నాయి. ఒకటి నోట్లో వేసుకుంది. తీపి, ఆ తర్వాత గొంతులో చిన్న ఘాటు. "ఏవండీ, ఇది తినండి" అని నారాయణకు విసిరింది. అతను పట్టుకోలేకపోయాడు. కారు తలుపు తెరుచుకుని కూర్చున్న వెంకటప్పయ్య, "మా కోడలు కూలికొచ్చినట్టుంది" అని గొణిగాడు. కానీ చూపు తిప్పుకోలేదు.

మీది పొర తీస్తే నిన్నటివి పసుపు తిరిగి ఉన్నాయి. వాటి కింద మొన్నటివి ఎండుద్రాక్షల్లా ముడుచుకున్నాయి. అడుగున నాలుగు రోజులవి నల్లబడి పులిసిన వాసన వేస్తున్నాయి. మేకలు వచ్చిపోయిన చోట మాత్రం చెదిరింది. మొదలు దగ్గర ఎవరూ కదిలించలేదు. హైమ గాజులు మోచేతి వైపు తోసుకుని, అరచేత్తో కుళ్ళిన పూలను పక్కకు ఒత్తిగించింది.

కింద కాల్చి ఊడ్చిన నల్లటి నేల. ఆ నేల మీద ఒక గాడి.

గాడి జానెడు వెడల్పు ఉంది. దాని నిండా అడ్డగీతలు, జంతికల గొట్టంలోంచి వచ్చినట్టు వరసగా. గాడి అడుగున కొన్ని పూలు పల్చగా అణిగి నేలకు అంటుకుపోయాయి. హైమ ఇంకో దోసెడు పూలు ఎత్తింది. గాడి ముందుకు సాగింది. ఇంకో దోసెడు. చెట్టు మొదలు వైపే వెళుతోంది.

"అక్కడే ఆగండి" అంది ఆమె. "ఎవరూ కాలు పెట్టకండి. ఏవండీ, మీరు కూడా."

నారాయణ ఒక కాలు ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడ్డాడు.

మొదటి బస్సు వచ్చి ఆగేసరికి ఆమె ఇంకా అక్కడే, కోడిపెట్ట గుడ్ల మీద కూర్చున్నట్టు కూర్చుని ఉంది. చుట్టూ ఊరివాళ్ళు చేరారు. వెంకటరామారావు గొడుగు చంకలో పెట్టుకుని దగ్గరికి వచ్చి వంగి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఇవి ఎవరు కదిలించారు?"

"ఇప్పుడే నేను కదిలించాను. అంతకుముందు ఎవరూ ముట్టుకోలేదు."

"నాలుగు రోజుల సంది ఎవ్వరూ చెయ్యి పెట్టలే సారూ" అంది ఎర్రమ్మ.

"ఎందుకు పెట్టలేదు? ఊరంతా ఏరుకునే కాలమేగా ఇది."

ఎర్రమ్మ అతన్ని వింతగా చూసింది. "నువ్వు ఇంట్ల లేనప్పుడు పక్కింటోళ్ళొచ్చి నీ కుండల బువ్వ తింటరా?"

ఊరివాళ్ళు నవ్వారు. వెంకటరామారావు నవ్వలేదు. తల తిప్పి రోడ్డు అవతలి చెట్టు వైపు చూశాడు. దాని కింద పువ్వన్నది లేకుండా ఏరేసి, నేల ఇంటి ముందు వాకిలిలా నున్నగా ఉంది. ఇవతల నాలుగు రోజుల పూలు జానెడెత్తున పడి ఉన్నాయి. నడుమ పది అడుగుల రోడ్డు. అతను చేతిలోని పోలీసు కాగితం చూసుకున్నాడు.

"ఆ చెట్టెవరిది?"

"నాది" అన్నాడు గుంపు వెనక నుంచి ఒక సన్నటి మనిషి. జంపయ్య.

"నాగక్క ఎప్పుడన్నా నీ చెట్టుకాడికి వచ్చిందా?"

జంపయ్య నేల మీది గాడిని, అది తారు దిగి చెట్టు కిందికి వచ్చిన తీరును చూస్తూ నిలబడ్డాడు. "రాలే సారూ" అన్నాడు చివరికి. "ఎన్నడూ రాలే."

వెంకటరామారావు టేపు తీశాడు. ఒక చివర తారు అంచున నారాయణను పట్టుకోమన్నాడు. హైమ వేళ్ళతో పూలు తీస్తూ ముందు వెళుతుంటే అతను వెనక కొలుస్తూ వచ్చాడు. తారు అంచు నుంచి తొమ్మిది అడుగులు. అక్కడ గాడి పక్కకు జారి ఆగింది. ఆ పక్కన పూల అడుగున హెడ్‌లైటు గాజు ముక్కలు కూడా దొరికాయి, మూడు.

"రాంసింగ్, కారు ముందుకు తే. టైరు అచ్చు చూడాలె."

రాంసింగ్ కదల్లేదు. పదిహేనేళ్ళుగా ఆ ఇంట్లో బండి నడుపుతున్న మనిషి, కారేపల్లి పక్క తండా అతనిది. నారాయణను బడికి తీసుకెళ్ళింది అతనే.

"చూసుడు అక్కరలేదు సార్" అన్నాడు. "నేనే రోడ్డు దిగిన. ఎనకకు తిరిగి మాట్లాడిన, బండి పక్కకు పోయింది. ఆమె చెట్టు కిందనే ఉండె. లైసెన్సు పోతదని భయపడ్డ."

హైమ లేచి నిలబడింది. చీర నిండా మసి, మోకాళ్ళ దగ్గర పూల గుజ్జు.

"నేను అడిగితేనే అతను తల తిప్పాడు. పూలేంటని నేనే అడిగాను, నేనే నవ్వాను. అది కూడా రాయండి సార్."

వెంకటరామారావు ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందులో దానికి కాలమ్ లేదమ్మా" అన్నాడు. అతని మీసం కింద ఏదో కదిలింది. "డ్రైవరు ఎటు చూసిండన్నదే నాకు కావాలె. ఆయన్ని నవ్వించిందెవరో కంపెనీకి అక్కరలేదు."

వెంకటప్పయ్య కారు దిగి వచ్చాడు. గాడి దగ్గర నిలబడి, కర్ర చివరతో దాని పొడవునా గాలిలో ఒక గీత గీశాడు. "రాయండి" అన్నాడు. "బండి నాది, డ్రైవరు నా మనిషి, తప్పు మాది. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి." రాంసింగ్ వైపు చూడకుండానే, "లైసెన్సు పోతే తోటలో మోటార్లు చూసుకుందువు. ముందు ఆ నాగక్క కాళ్ళ మీద పడు" అన్నాడు. తర్వాత కోడలి వైపు తిరిగి, గొంతు తగ్గించి, "మీ అత్తకు నేను చెప్తాలే" అన్నాడు.

హైమకు ఆయన పాదాలకు దణ్ణం పెట్టాలనిపించింది. చేతులు మసిగా ఉన్నాయని ఊరుకుంది.

పోలీసు పంచనామా మీద కాకుండా వేరే కాగితం మీద, కార్బన్ పెట్టి, వెంకటరామారావు మళ్ళీ మొదటి నుంచి రాశాడు. చెట్టు గీశాడు, రోడ్డు గీశాడు, గాడి గీశాడు. సాక్షి సంతకం ఎవరు పెడతారని అడిగితే జంపయ్య ముందుకొచ్చాడు. సంతకం రాదు, వేలిముద్ర వేశాడు. వేలు చొక్కాకు తుడుచుకుని, "భద్రాచలం పోతరా సారూ?" అన్నాడు. "నేనొస్త."

ఆ ఒంటికన్ను కార్లోనే ఇరుక్కుని అందరూ దవాఖానకు వెళ్ళారు. వెనక సీట్లో హైమ సగం నారాయణ ఒళ్ళో, ఆమె ఒళ్ళో పూల గంప. రాంసింగ్ వాగు దాటేదాకా ఎడ్లబండి వేగంతో నడిపాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

నాగక్క ఇటుకలు వేలాడుతున్న కాలితో అలాగే పడుకుని ఉంది. రాంసింగ్ మంచం కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "లే, లే" అందామె, "నా కాలికి తాకుతవు." వెంకటరామారావు స్టూలు లాక్కుని కూర్చుని, రాసింది చదవడం మొదలుపెట్టాడు. పక్క మంచాలవాళ్ళు తలలెత్తారు. ఇంజక్షన్ ట్రే పట్టుకున్న నర్సు కూడా ఆగింది.

"...సదరు నాగక్క తన సొంత చెట్టు కింద, తారు రోడ్డుకు తొమ్మిది అడుగుల అవతల పూలు ఏరుతూ ఉండగా, కారు రోడ్డు దిగి వచ్చి ఆమెను గుద్దింది. ఆమె రోడ్డు దాటలేదు. ఆమె తప్పు ఏమీ లేదు."

"ఉరికిన్నని లేదు కదా?"

"లేదమ్మా."

"నా చెట్టని రాసినవా?"

"రాసిన. సొంత చెట్టు అని రాసిన."

అతను ఇంకు డబ్బా తెరిచి ఆమె బొటనవేలికి నల్లగా రాశాడు. కాగితం మంచం మీద అట్ట మీద పరిచాడు. నాగక్క వేలు కాగితం దాకా తెచ్చి ఆపేసింది. తల ఎత్తి ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. వెంకటప్పయ్య, నారాయణ, మసి పట్టిన చీరలో హైమ, గోడ దగ్గర దూలయ్య.

"జంపయ్య రాలేదా?"

"వచ్చిండు" అన్నాడు దూలయ్య. "బైట అరుగు మీద కూసున్నడు. లోపలికి రానంటుండు, మొకం చెల్లదట."

"పిలువు" అంది నాగక్క. ఇంకు రాసిన వేలు అలాగే గాల్లో నిలబెట్టుకుని, దిండు మీద ఇంకాస్త పైకి జరిగింది. "సారూ, ఆడొచ్చినంక మొదట్నుంచి సదువు. గట్టిగ సదువు. అప్పుడేస్త ఏలు."